కోలియాస్ ఒడ్డున

పడమటి గాలి మూడు రోజులు తిప్పి తిప్పి కొట్టి
మా రేవులో తెడ్లు కుప్పపోసి పోయింది.
అప్పటికే ఊరికి తిరిగొచ్చాం. ఊరంటే
పైకప్పు లేని గోడలు, నూతిలో ఉబ్బిన గాడిద,
మా కుండల ఆవంలో ఎవరో కాల్చుకు తిన్న ఎముకలు.
ఆలివ్ చెట్లు మోకాలెత్తు బొగ్గు మొద్దులై నిలబడ్డాయి.
పొయ్యిలోకి పుల్ల లేదు.
సముద్రం తెచ్చిందే వంటచెరకు.

ఎప్పుడో మా అవ్వల కాలంలో జోస్యం చెప్పారట,
కోలియాస్ ఆడవాళ్ళు తెడ్లతో బార్లీ వేయిస్తారని.
విన్నవాళ్ళంతా నవ్వారట.
తెడ్డుతో కాక మరి దేనితో వేయిస్తారు?
కుండలో తిప్పేదే అనుకున్నారు పాపం.

ఒక్కో తెడ్డూ మనిషికి రెండింతలు.
ఉప్పు తాగిన దేవదారు త్వరగా అంటుకోదు.
పొగ కక్కి, ఏడిపించి,
అప్పుడు నీలంగా ఒకసారి, పచ్చగా ఒకసారి.
మా తోడికోడలు ఫనుల్లా మొదటి రోజు
ఒక్కోదాన్నీ తిట్టి మరీ పొయ్యిలో తోసింది.
ఇది నా గుమ్మానికి.
ఇది నా పాలమేకలకి.
మూడోదానికి తిట్లు అయిపోయాయి.
ఊరికే తోసింది.

మునిగినవి రెండువైపులవీ కదా,
వీటిలో మనవేవి అని నేనడిగితే
పొగకి కళ్ళు తుడుచుకుంది.

మా ఆయన సోసినోస్ పై వరుసలో కూర్చున్నవాడు.
వచ్చినప్పటినుంచి వేళ్ళు పూర్తిగా చాపలేడు.
సారె తిరుగుతుంది, కుండ లేవదు.
ఒక సాయంత్రం నేను విరవబోతున్న తెడ్డు
పిడి పట్టి ఆపాడు.
పిడి నున్నగా అరిగి ఉంది.
చిటికెనవేలి చోట మాత్రం అరగలేదు.
ఎవడో నాలుగు వేళ్ళవాడు.

"మనవాడేనా?"
"కాదు."
కత్తిమొనతో చెక్కిన గీతలు చూపించాడు.
మా అక్షరాల్లాగే ఉన్నాయి,
కుడినుంచి ఎడమకి నడుస్తున్నాయి.
మా మొదటి అక్షరం అక్కడ
అలసిన ఎద్దులా పక్కకి ఒరిగి పడుకుంది.
"పేరై ఉంటుంది. సీదోను వాడేమో.
పారశీకుల రాజు పిలిస్తే వచ్చినవాడు."
కాసేపాగి,
"మనకి రాత నేర్పింది వీళ్ళేనట," అన్నాడు.

పట్టు వదల్లేదు.
చిటికెనవేలు మడిచి, ఆ గుంటల్లో
తన నాలుగు వేళ్ళూ పెట్టి చూసుకున్నాడు.
భుజాలు కదిలాయి, ముందుకి, వెనక్కి.
నేలమీద నీళ్ళు లేవు, పడవ లేదు.
"ఆ రోజు వాళ్ళ గొంతులు వినబడేవి.
వాళ్ళూ మాలాగే లెక్కపెట్టేవారు.
భాష వేరు. రొప్పు ఒకటే."
అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు.

ఆ తెడ్డుని గోడకి చేరేశాడు.
పదకొండు రోజులు దాని చుట్టూ తిరిగి ఊడ్చాను.
పన్నెండో రోజు వాన. పిల్లకి జ్వరం.
ఇంట్లో పొడికర్ర అదొక్కటే.
ఆయన్ని అడగలేదు. గొడ్డలి ఎవర్నీ అడగదు.
పిడి విరిగింది. పేరు రెండు ముక్కలైంది.
పడుకున్న ఎద్దు నీలం మంటై లేచింది.
మంగలంలో బార్లీ చిటపటా పేలింది.

తడిసి వచ్చినాయన గుమ్మంలో ఆగి
గోడకేసి చూశాడు, పొయ్యికేసి చూశాడు.
పిల్ల పక్కన కూర్చుని
పిడికెడు పేలాలు ఊది ఊది తినిపించాడు.

చివర రెక్క, జానెడు చెక్క, కాల్చలేదు నేను.
చలికాలమంతా దాన్ని చెక్కుతూనే ఉన్నాడు,
వంకర వేళ్ళతో, తెగ్గోసుకుంటూ.
ఇప్పుడది నా కుండలో తిరిగే తెడ్డు.

బార్లీలో నేను ఉప్పు వేయను.
ఫనుల్లా అడిగితే
మరిచిపోయానంటాను.